చీనీ తోట షెడ్డులో బక్ కన్వర్టర్: నేర్చుకునే లూప్, మూడో నెల

అనంతపురం పక్కన కూడేరు దగ్గర మామకి చీనీ తోట ఉంది. అందులోని రేకుల షెడ్డులో రెండు 12 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో, అంటే 24 వోల్టులు, వాటికి పైన సోలార్ ప్యానెళ్లు. అక్కడ నడిచేవి 12 వోల్టుల ఫ్యాను, లైట్లు మాత్రమే కాబట్టి మధ్యలో ఎక్కువ వోల్టేజిని తక్కువకి దించే బక్ కన్వర్టర్ ఒకటి కావాలి. కొంటే వచ్చేదే, కానీ లోడు, ఎండ, బ్యాటరీ ఎలా మారినా దాని గెయిన్, అంటే తేడా వస్తే ఎంత గట్టిగా దిద్దాలనే అంకె, తనంతట తానే సర్దుకునేలా చేయాలని నాకు చాలా రోజుల నుంచి ఆశ.

ముందు హార్డ్‌వేర్. బ్లూ పిల్ బోర్డు, అంటే 72 మెగాహెర్ట్జ్ ఎస్‌టీఎం32ఎఫ్103 మైక్రోకంట్రోలర్, ఐఆర్2104 డ్రైవర్, స్విచ్‌గా ఐఆర్‌ఎఫ్540 మోస్‌ఫెట్, కింద డయోడ్. కాయిల్‌కి పాత కంప్యూటర్ పవర్ సప్లైలోంచి తీసిన పసుపు-తెలుపు రింగు వాడాను. మోటార్ వైండింగ్ షాపులో 20 గేజ్ ఎనామిల్ తీగ తూకానికి ఇస్తారు, అది 33 చుట్లు చుడితే దాదాపు 100 మైక్రోహెన్రీలు వచ్చింది. చుట్టేటప్పుడు తీగని ప్లయర్‌తో లాగొద్దు, ఎనామిల్ గీసుకుపోతుంది, వేలితోనే బిగించాలి. అవుట్‌పుట్‌లో 470 మైక్రోఫారడ్ల కెపాసిటర్. స్విచింగ్ 50 కిలోహెర్ట్జ్.

ఇంట్లో బెంచి మీద 24 వోల్టులకి పీఐడీ, అంటే కోరిన వోల్టేజికీ వచ్చినదానికీ తేడా చూసి దిద్దే మామూలు లూప్, బాగా కుదిరింది. తోటలో బ్యాటరీ వోల్టేజి 22 నుంచి 28 దాకా తిరుగుతుంది, బక్‌లో డ్యూటీ, అంటే ప్రతి సైకిల్‌లో స్విచ్ ఆన్‌లో ఉండే వంతు, కొంచెం మారితే అవుట్‌పుట్ ఎంత కదులుతుందనేది ఇన్‌పుట్ వోల్టేజి మీదే ఆధారపడుతుంది. దీనికి అడాప్టివ్ పద్ధతి, అంటే నడుస్తూ నేర్చుకునేది, అక్కర్లేదు, ఇన్‌పుట్‌ని కొలిచి డ్యూటీని దానితో భాగిస్తే చాలు. ఇలా ఖర్చు లేకుండా పోయేదాన్ని ముందే తీసేసి, ఆ తర్వాతే మిగిలినదాన్ని లూప్‌కి నేర్చుకోవడానికి వదలాలని నా అభిప్రాయం.

మిగిలింది లోడు, ఎండకి, వయసుకి మారే కెపాసిటర్. వాటికి ఎంఐటీ రూల్ పెట్టాను, 1958 నాటి పద్ధతి, విమానాల ఆటోపైలట్ల కోసం పుట్టింది. అవుట్‌పుట్ ఎలా కదలాలో చెప్పే ఒక మోడల్‌ని కోడ్‌లో నడుపుతాం, అసలు అవుట్‌పుట్‌కీ దానికీ ఉన్న తేడాని, గెయిన్ మారితే ఆ తేడా ఎంత మారుతుందో దానితో గుణించి, తేడా తగ్గే వైపు గెయిన్‌ని కొంచెం కొంచెంగా జరుపుతాం. నేను ఒక్క గెయిన్‌నే వదిలాను, మొదలు 1, హద్దులు 0.4 నుంచి 3. నేర్చుకోవడానికి ఏదో ఒక కదలిక ఉండాలి కదా, అందుకే సెట్‌పాయింట్‌ని, అంటే కోరే వోల్టేజిని, సెకనుకోసారి 11.9కీ 12.1కీ మధ్య మార్చాను. లైటులో అది కంటికి కనపడదు.

నాలుగో రోజు పొద్దున ఆరింటికి మామ ఫోన్. "అల్లుడూ, ఫ్యాను ఏస్తే లైటు కొట్టుకుంటాంది, నీ పెట్టె ఈల పెడ్తాంది, ఆపేయాల్నా?" ఆపేయమన్నాను. మెమరీ కార్డులో లాగ్ చూస్తే రాత్రి పదింటికి 1.1 దగ్గరున్న గెయిన్ తెల్లారేసరికి 2.8కి ఎక్కి కూర్చుంది. ఫ్యాను పడగానే అవుట్‌పుట్ 10.6కీ 13.4కీ మధ్య ఊగింది.

కారణం పట్టడానికి రెండు సాయంత్రాలు పట్టింది. రాత్రి నడిచేది ఒక్క లైటు, 0.3 ఆంపియర్లు. 24 వోల్టుల దగ్గర నా కాయిల్‌లో రిపుల్, అంటే కరెంటు పైకీ కిందికీ ఊగే మేర, 1.2 ఆంపియర్లు, అందులో సగం 0.6 కంటే లోడు తగ్గితే ప్రతి సైకిల్‌లో కరెంటు సున్నాకి పడి కాసేపు అక్కడే ఆగిపోతుంది. ఆ స్థితిలో కన్వర్టర్ స్వభావమే వేరు, మందంగా స్పందిస్తుంది. మోడల్‌ని అందుకోవాలని నా రూల్ రాత్రంతా గెయిన్ పెంచుకుంటూ పోయింది. పొద్దున రెండు ఆంపియర్ల ఫ్యాను పడేసరికి కరెంటు మళ్లీ తెగకుండా పారింది, ఆ గెయిన్ అక్కడ ఊగిసలాటకే. 1967 నవంబర్ 15న ఎక్స్-15 విమానం కూలి పైలట్ మైకేల్ ఆడమ్స్ చనిపోయిన ప్రమాదంలోనూ, తగ్గాల్సిన సమయంలో అడాప్టివ్ గెయిన్ తగ్గకపోవడం ఒక కారణం. అది చదివాక షెడ్డులో మనిషి పడుకునే చోట ఈ పెట్టెని ఇంత వదులు హద్దులతో వదలకూడదని గట్టిగా అనుకున్నాను.

మార్చినవి ఇవి. తక్కువ లోడుకి ఒక గెయిన్, ఎక్కువ లోడుకి ఇంకొకటి, విడివిడిగా నేర్చుకుంటాయి. 0.5 ఆంపియర్ల కింద మొదటిది, 0.8 పైన రెండోది, మధ్యలో ఉంటే అంతకుముందు ఏది నడుస్తుంటే అదే. సెట్‌పాయింట్ కదలిక సెకనుకి కాదు, పది నిమిషాలకి ఒకసారి, అది అయిపోగానే నేర్చుకోవడం ఆగిపోతుంది. తేడా 60 మిల్లీవోల్టుల లోపుంటే అసలు పట్టించుకోదు. గెయిన్ పై హద్దు 2.2.

వారం ప్రశాంతం. తర్వాత సన్నగా ఇంకో ఈల, మధ్యాహ్నం మాత్రమే, చెవి దగ్గర పెడితే గానీ వినపడదు. నేర్చుకోవడం పూర్తిగా ఆపేసినా పోలేదు, కాబట్టి తప్పు రూల్‌ది కాదు. లాగ్‌లో ఈల మొదలైన ప్రతిసారీ బ్యాటరీ 28 దగ్గరుంది. అప్పుడు కాగితం తీశాను. 72 మెగాహెర్ట్జ్‌ని 50 కిలోహెర్ట్జ్‌తో భాగిస్తే డ్యూటీని పెట్టే పీడబ్ల్యూఎం టైమర్‌కి 1440 మెట్లు, 28ని 1440తో భాగిస్తే ఒక్కో మెట్టు 19.4 మిల్లీవోల్టులు. వోల్టేజిని కొలిచే ఏడీసీలో నాయిస్ ఎక్కువని కింది రెండు బిట్లు వదిలేసి 1024 మెట్లే వాడుతున్నాను, 19.8 వోల్టుల రేంజికి ఒక్కో మెట్టు 19.3. పీడబ్ల్యూఎం మెట్టు ఏడీసీ మెట్టు కంటే చిన్నగా ఉండాలి, లేకపోతే కోరిన వోల్టేజి దగ్గర నిలబడటానికి లూప్‌కి మెట్టే దొరకదు, పైకీ కిందికీ తిరుగుతూనే ఉంటుంది. బెంచి మీద 24 వోల్టులకి 16.7 కాబట్టి ఎప్పుడూ బయటపడలేదు.

స్విచింగ్ 40 కిలోహెర్ట్జ్‌కి దించాను. 1800 మెట్లు, 28 దగ్గర 15.6 మిల్లీవోల్టులు, ఈల పోయింది. రిపుల్ పెరిగింది కాబట్టి గెయిన్ మార్పిడి హద్దుల్ని 0.65, 0.95 ఆంపియర్లకి జరిపాను. ఇది మర్చిపోతే మళ్లీ మొదటి గొడవే.

ఈ ఆదివారం లాగ్ ప్రకారం పగటి గెయిన్ 0.93, రాత్రిది 1.9, రెండూ పది రోజులుగా అక్కడక్కడే ఉన్నాయి. తర్వాతి పని డయోడ్ తీసి అక్కడా మోస్‌ఫెట్ పెట్టడం, అప్పుడు కరెంటు సున్నా దగ్గర ఆగడమే ఉండదు, రెండో గెయిన్ అక్కర్లేకపోవచ్చు. ఐఆర్2104లో కింది మోస్‌ఫెట్‌ని నడిపే అవుట్‌పుట్ కాలు ఇప్పటికి ఖాళీగానే ఉంది.