పాత గేమ్ సీడీలను హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించాను: ఐఎస్ఓతో పనెందుకు కాదంటే

1990ల నాటి పీసీ గేమ్ సీడీని వెలుతురులో కాస్త ఏటవాలుగా పట్టుకుని వెనకవైపు చూడండి. డేటా ఉన్న వలయం, ఖాళీ వలయం రెండు రకాలుగా మెరుస్తాయి. వలయం దాదాపు అంచుదాకా నిండి ఉండి, మీరు తీసిన ఐఎస్ఓ (డిస్క్‌ను ఒకే ఫైల్‌గా దించిన కాపీ) మాత్రం 60 ఎంబీ దగ్గర ఆగిపోయిందంటే గేమ్‌లో సగం డిస్క్‌లోనే ఉండిపోయినట్టు. ఆ మిగిలిన సగం సంగీతం. నా అటకపెట్టెలోని డిస్కులన్నింటికీ మొదట ఐఎస్ఓలే తీసి, గేమ్ మూగగా నడవడం చూశాక పని మళ్లీ మొదటినుంచి చేయాల్సొచ్చింది. రెండోసారి ఏ వరసలో చేశానో, ఎక్కడెక్కడ చెడుతుందో రాస్తున్నాను.

ముందు సీడీ లోపలి లెక్క తెలియాలి. సీడీలో ఒక సెక్టార్ 2352 బైట్లు, సెకనుకు 75 సెక్టార్లు. ఆడియో ట్రాక్‌లో ఆ 2352 బైట్లూ పాటే. డేటా ట్రాక్‌లో మాత్రం 2048 బైట్లే మన ఫైళ్లకు. మిగతావి సింక్, హెడర్, తప్పులు దిద్దే కోడ్‌కు పోతాయి. ఐఎస్ఓ అంటే ఆ 2048లను మాత్రం ఒకదాని వెనక ఒకటి పేర్చిన ఫైల్. అందులో ఆడియో ట్రాక్‌కు చోటే లేదు. 74 నిమిషాల డిస్క్‌లో 3,33,000 సెక్టార్లుంటాయి. 2048తో గుణిస్తే మనకు తెలిసిన 650 ఎంబీ, 2352తో గుణిస్తే 747 ఎంబీ. ఒకే డిస్క్‌కు రెండు సైజులు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, ఏది దేన్ని లెక్కపెడుతోందో చూసుకోవాలి.

ఒకటో ట్రాక్ డేటా, రెండు నుంచి ఆడియో. ఆ కాలపు గేములు చాలావాటికి ఇదే ఏర్పాటు. 1996 నాటి క్వేక్‌లో 2 నుంచి 11 దాకా ట్రాక్‌లు సంగీతమే; డిస్క్‌ను మామూలు సీడీ ప్లేయర్‌లో పెట్టినా పాటలొస్తాయి. ఇలాంటివాటికి బిన్, క్యూ ఫైళ్ల జంట తప్పనిసరి: బిన్‌లో సెక్టార్లు మొత్తంగా ఉంటాయి, క్యూలో ట్రాక్‌ల జాబితా. డీవీడీ గేములకు ఈ గొడవ లేదు. ప్రొటెక్షన్ (కాపీ తీయనివ్వని ఏర్పాటు) లేని డీవీడీకి ఐఎస్ఓ చాలు.

డ్రైవ్ విషయానికొస్తే, యూఎస్‌బీతో నడిచే పలచటి డ్రైవ్‌ల కన్నా డెస్క్‌టాప్‌లో బిగించే 5.25 అంగుళాల సాటా డ్రైవ్ మేలు. పలచటివి కరెంటంతా యూఎస్‌బీ పోర్ట్ నుంచే లాక్కుంటాయి. గీతలున్న డిస్క్ దగ్గర మోటార్ తడబడి, డ్రైవ్ ఉన్నట్టుండి విండోస్‌లోంచి మాయమైపోతుంది. తప్పనిసరై వాడితే సొంత అడాప్టర్ ఉన్న హబ్‌కు తగిలించండి. వేగం తగ్గించడం కూడా ముఖ్యమే: నేను 8ఎక్స్ (పాట వినే వేగానికి 8 రెట్లు) దాటనివ్వను. 48ఎక్స్‌లో డిస్క్ అదిరి, మంచి డిస్క్‌లోనూ తప్పులు చూపిస్తుంది.

సాఫ్ట్‌వేర్‌గా రెడంపర్ వాడాను. ఇది ఆదేశాలు టైప్ చేసి నడిపే ప్రోగ్రాం, బొమ్మల బటన్లేమీ ఉండవు. డిస్క్‌ను ముడిగా చదివి, ట్రాక్‌కు ఒకటి చొప్పున బిన్‌లు, వాటికో క్యూ, చివర హాష్‌లతో (ఫైల్ నుంచి లెక్కగట్టే గుర్తులు, ఫైల్ కాస్త మారినా ఇవి మారిపోతాయి) లాగ్ ఇస్తుంది. చదవలేని సెక్టార్లు మిగిలితే రిఫైన్ ఆదేశమిస్తే చాలు, వాటిని మాత్రమే మళ్లీ ప్రయత్నిస్తుంది. డిస్క్ తీసి, తుడిచి, మళ్లీ పెట్టి రిఫైన్ ఇవ్వొచ్చు. ఒకే డిస్క్‌ను రెండు వేర్వేరు డ్రైవ్‌లలో చదివించి చూడండి. ఒకటి తడబడిన చోట రెండోది సునాయాసంగా దాటేయడం మామూలే.

తుడవడంలోనూ ఒక పద్ధతుంది: మధ్యలోంచి అంచుకు, తిన్నగా. గుండ్రంగా తుడిస్తే పడే గీత ట్రాక్ వెంబడే సాగి వరసగా బోలెడు బైట్లను మింగేస్తుంది. తప్పులు దిద్దే కోడ్ అంత పెద్ద కంతను పూడ్చలేదు. అడ్డగీతను చాలావరకు పూడ్చుకుంటుంది. అసలు భయపడాల్సింది బొమ్మ ఉన్న వైపు గీతకు. సీడీ మందం 1.2 మిల్లీమీటర్లు, డేటా పొర మాత్రం బొమ్మ కింద పలచటి లక్క పూత వెనకే ఉంటుంది. కింది వైపు గీతను పాలిష్ చేయొచ్చు. పైవైపు పొర ఊడితే, ఆ చుక్కలోంచి వెలుతురు కనిపిస్తే, అక్కడి డేటా ఇక లేనట్టే. డీవీడీలో పొర రెండు 0.6 మిల్లీమీటర్ల పలకల మధ్య ఉంటుంది కాబట్టి ఈ బాధ తక్కువ.

ఇక అందరూ బోల్తా పడే చోటు. కొన్ని డిస్కులు మొదట్లోనే వందలకొద్దీ తప్పులు చూపిస్తాయి, ఎంత తుడిచినా అంతే. డిస్క్‌లో 00000001 అనే పేరుతో టీఎంపీ ఫైల్ ఉందేమో చూడండి. ఉంటే అది సేఫ్‌డిస్క్ ప్రొటెక్షన్. ఆ తప్పులు కావాలని పెట్టినవే. గీత వల్ల వచ్చే తప్పులు డ్రైవ్ మార్చినా, తుడిచినా కాస్త అటూ ఇటూ జరుగుతాయి. ఇవి ఏ డ్రైవ్‌లోనైనా అవే సెక్టార్లలో, రాయిలా కదలకుండా ఉంటాయి. ఇది తెలియక, పాడైన డిస్కులను చదివించే డీడీరెస్క్యూ లాంటిదానితో వందసార్లు మళ్లీ మళ్లీ చదివిస్తే రాత్రంతా డ్రైవ్ అరిగిపోవడమే మిగులుతుంది. ఆ తప్పులను తప్పులుగానే ఇమేజ్‌లో, అంటే మనం తీసే డిస్క్ కాపీలో, ఉంచాలి.

పోనీ ఇమేజ్ నిక్కచ్చిగా వచ్చిందనుకుందాం. అయినా విండోస్ 10లో సేఫ్‌డిస్క్ గేమ్ తెరుచుకోదు. ఆ ప్రొటెక్షన్ వాడే సెక్‌డ్రవ్ డ్రైవర్‌లో భద్రతా లోపముందని 2015లో మైక్రోసాఫ్ట్ దాన్ని విండోస్ 10లో లేకుండా చేసింది, అదే ఏడాది సెప్టెంబర్ అప్‌డేట్‌తో పాత విండోస్‌లలోనూ ఆపేసింది. నన్నడిగితే అది సరైన నిర్ణయమే. విండోస్ గుండెకాయ లాంటి కెర్నెల్‌లో కన్నం పెట్టుకుని గేమ్ ఆడాలా? దారులు మూడు. గేమ్ తయారీదారే విడుదల చేసిన చివరి ప్యాచ్‌లో డిస్క్ తనిఖీ తీసేశారేమో చూడాలి, చాలా గేములకు తీసేశారు. లేదంటే సేఫ్‌డిస్క్‌షిమ్ ప్రయత్నించాలి, ఇది ఆ డ్రైవర్ లేకుండానే దాని జవాబులు ఇస్తుంది. అదీ కుదరకపోతే నెట్‌కు తగిలించని విండోస్ ఎక్స్‌పీ యంత్రం. ఎక్కడో దొరికిన క్రాక్ ఫైళ్ల జోలికి మాత్రం వెళ్లొద్దు. గేమ్‌తో పాటు ఇంకేం లోపలికొస్తుందో చెప్పలేం.

క్యూ ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడటం అలవాటు చేసుకోండి. మామూలు టెక్స్ట్ అది. ఏ బిన్ ఫైల్, ఏ ట్రాక్, డేటానా ఆడియోనా, ఎక్కడ మొదలు అన్నవే అందులో ఉంటాయి. నూటికి తొంభై ఇమేజ్‌లు పాడయ్యేది ఇక్కడే: బిన్ పేరు మార్చి క్యూలో మార్చకపోవడం, లేదా క్యూలో ఇంకెవరి కంప్యూటర్‌దో పూర్తి చిరునామా ఉండిపోవడం. ఫైల్ పేరొక్కటే ఉంచి చిరునామా చెరిపేస్తే సరిపోతుంది. పేర్లకు ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు మాత్రమే వాడండి, పాత ప్రోగ్రాంలకు తెలుగు లిపి అర్థం కాదు. ఇంకో మెలిక ఉంది. క్యూలో 03:41:60 అని ఉంటే చివరి 60 సెకనులో నూరో వంతులు కావు, ఫ్రేములు, అంటే పైన చెప్పిన సెక్టార్లే. అవి 0 నుంచి 74 దాకానే ఉంటాయి. చేత్తో దిద్దేటప్పుడు అక్కడ 80 అని రాస్తే ఆ క్యూ చెల్లదు.

తీసిన కాపీ సరైనదో కాదో కంటితోనో చెవితోనో తేల్చలేం. గేమ్ డిస్కులకు, డిస్కుల వివరాలు పోగుచేసే రెడంప్ సైట్ వాళ్ల జాబితాలోని హాష్‌తో పోల్చుకున్నాను. మామూలు ఆడియో సీడీలకైతే పాటలు దించే ఎగ్జాక్ట్ ఆడియో కాపీ ప్రోగ్రాం, దాంతోపాటు మన కాపీని ఇతరుల కాపీలతో పోల్చే అక్యురేట్‌రిప్. ఇందులో మొదట డ్రైవ్ ఆఫ్‌సెట్ పెట్టుకోవాలి. ప్రతి మోడల్ డ్రైవ్ ఆడియోను కొన్ని శాంపిళ్లు (ధ్వనిని కొలిచిన చుక్కలు) ముందుకో వెనక్కో చదువుతుంది. చాలా కొత్త డ్రైవ్‌లకు ఇది +6. సెకనుకు 44,100 శాంపిళ్లు కాబట్టి 6 అంటే మిల్లీసెకనులో ఏడో వంతు. ఏ చెవీ పట్టలేదు, హాష్ మాత్రం పూర్తిగా మారిపోతుంది. సెక్యూర్ మోడ్, డ్రైవ్ క్యాష్‌ను పక్కన పెట్టే టిక్, సరైన ఆఫ్‌సెట్ — ఈ మూడూ ఉంటే మిగతా సెట్టింగులతో కుస్తీ అక్కర్లేదు.

పాటలు దాచడానికి ఫ్లాక్, ధ్వని ఏమాత్రం పోకుండా కుదించే ఫార్మాట్. ఇందులో 0 నుంచి 8 దాకా ఉన్న స్థాయిలు నాణ్యత అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కాదు, ఏ స్థాయిలోనైనా ధ్వని అదే, సైజు, పట్టే సమయం మాత్రమే మారతాయి. నేను 5 వాడతాను. ఫ్లాక్ తన లోపలే ఆడియో ఎండీ5 హాష్‌ను దాచుకుంటుంది కాబట్టి పదేళ్ల తర్వాతైనా ఫైల్ చెడిందో లేదో అదే చెబుతుంది. ఫోన్‌లో వినడానికి ఆ ఫ్లాక్ నుంచి 128 కేబీపీఎస్ ఓపస్ తీసుకుంటాను; ఇది ఎంపీ3లా కొంత ధ్వనిని వదిలేసి కుదించే ఫార్మాట్. ఎంపీ3ని ఓపస్‌గా మార్చడం జిరాక్స్‌కు జిరాక్స్ తీయడమే. 192 కిలోహెర్ట్జ్ హై-రెస్ మీద నాకు మోజు లేదు: సీడీ 44.1 కిలోహెర్ట్జ్ శాంపిలింగ్ 22 కిలోహెర్ట్జ్ దాకా పట్టుకుంటుంది, పెద్దవాళ్ల చెవులు 20 కూడా అందుకోవు.

ఇక గేమ్ నడపడం. విండోస్‌కు ముందునాటి డాస్ గేములైతే, పాత డాస్ పీసీని అనుకరించే డాస్‌బాక్స్ చాలు. ఇమేజ్‌ను ఎక్కించే ఆదేశంలో బిన్ పేరు కాదు, క్యూ పేరివ్వాలి. బిన్ పేరిచ్చినా గేమ్ తెరుచుకుంటుంది, అదే చిక్కు: డేటా కనిపిస్తుంది, పాట ఉండదు, ఇమేజ్ చెడిందనుకుంటాం. విండోస్ 8 నుంచి డబుల్ క్లిక్‌తో తెరుచుకునేది కూడా ఐఎస్ఓనే, క్యూ కాదు.

విండోస్ 95, 98 గేములే తల ప్రాణం తోకకు తెస్తాయి. గేమ్ 32-బిట్‌దే, దాని ఇన్‌స్టాలర్ మాత్రం 16-బిట్ అయి ఉంటుంది. 64-బిట్ విండోస్ 16-బిట్ ప్రోగ్రాంను ముట్టుకోదు. వైన్‌వీడీఎం ద్వారా ఆ ఇన్‌స్టాలర్‌ను నడపొచ్చు, లేదా ఫైళ్లను చేత్తో కాపీ చేసుకోవచ్చు. చేత్తో చేస్తే గేమ్ తన చిరునామాను రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగుల చిట్టా) వెతుక్కుని దొరక్క మూసుకుపోవచ్చు. 64-బిట్ విండోస్‌లో ఆ ఎంట్రీ వావ్6432నోడ్ కింద ఉండాలి. ప్రోగ్రాం ఫైల్స్ ఫోల్డర్‌లో మాత్రం పెట్టకండి. అక్కడ రాసే అనుమతి లేక విండోస్ మీ సేవ్‌లను వర్చువల్‌స్టోర్ అనే మూలకు మళ్లిస్తుంది. ఆ తర్వాత ఫోల్డర్‌ను బ్యాకప్ తీసుకుంటే సేవ్‌లు అందులో ఉండవు.

ఇలాంటి గేమ్‌లో సీడీ పాటలు రప్పించడానికి విన్‌ఎంఎం రాపర్ వాడాను. దాని డీఎల్ఎల్‌ను (ప్రోగ్రాంలు వాడుకునే కోడ్ ఫైల్) గేమ్ ఫోల్డర్‌లో పెట్టి, మ్యూజిక్ ఫోల్డర్‌లో ట్రాక్‌లను ఆగ్ ఆడియో ఫైళ్లుగా ఉంచితే గేమ్ వాటిని సీడీ అనుకుంటుంది. నంబర్లు 02 నుంచి మొదలవ్వాలి, ఒకటోది డేటా కదా. 01 నుంచి పెడితే మొదటి లెవెల్‌లో రెండో లెవెల్ పాట మోగుతుంది.

బొమ్మ చెదిరినా, గ్లైడ్ కార్డ్ (ఆ కాలపు ఒక రకం గ్రాఫిక్స్ కార్డ్) లేదని మొరాయించినా డీజీవూడూ 2 వాడాలి. ఇది పాత డైరెక్ట్‌ఎక్స్, గ్లైడ్ పిలుపులను డైరెక్ట్‌ఎక్స్ 11 లేదా 12లోకి మారుస్తుంది. అందులోంచి ఎక్స్86 డీఎల్ఎల్‌లనే తీసుకోవాలి, విండోస్ 64-బిట్ అయినా గేమ్ 32-బిట్టే. మనుషులు, బళ్లు పిచ్చి వేగంతో పరుగెత్తితే గేమ్ తన గడియారాన్ని ఫ్రేమ్‌రేట్‌కు కట్టేసిందన్నమాట; రివాట్యూనర్ ప్రోగ్రాంతో సెకనుకు 60 ఫ్రేములకు, కొన్నింటికి 30కి బిగించాలి. కట్‌సీన్ (ఆట మధ్యలో వచ్చే వీడియో) మాత్రమే నల్లగా వస్తే ఇండియో కోడెక్‌ను, అంటే ఆ వీడియోను కుదించిన పాత పద్ధతిని, అనుమానించండి. ఆ వీడియోలను ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ప్రోగ్రాంతో సినీప్యాక్ అనే ఇంకో కోడెక్‌లోకి మార్చి, అదే పేరుతో అదే ఏవీఐగా తిరిగి పెడితే గేమ్ మారు మాట్లాడకుండా ఆడిస్తుంది. సినీప్యాక్ ఎన్‌కోడింగ్ నత్తనడక, మొదలుపెట్టి వేరే పని చూసుకోండి.

డిస్క్ ఇమేజ్‌ల నిల్వకు సీహెచ్‌డీ ఫార్మాట్ బాగుంది. మేమ్ ఎమ్యులేటర్‌తో వచ్చే సీహెచ్‌డీమ్యాన్, క్యూను ఇస్తే డేటాను, ఆడియోను వేర్వేరుగా కుదించి ఒకే ఫైల్ చేస్తుంది, అక్కర్లేదనుకుంటే మళ్లీ బిన్, క్యూగా విప్పుతుంది. కుదించాక వెరిఫై ఆదేశం నడిపి, ఆ తర్వాతే బిన్‌లు చెరపండి. సేఫ్‌డిస్క్ లాంటి ప్రొటెక్షన్ ఉన్నవాటిని మాత్రం నేను సీహెచ్‌డీగా మార్చలేదు. రెడంపర్ ఇచ్చిన ఫైళ్లన్నీ, లాగ్, సబ్‌కోడ్‌తో (సెక్టార్ల వెంట ఉండే అదనపు సమాచారం) సహా, అలాగే ఉంచాను. అంతా రెండు హార్డ్‌డిస్కులలో ఉంది, రెండోది ఎప్పుడూ కంప్యూటర్‌కు తగిలించి ఉండదు.

ఆన్‌లైన్ యాక్టివేషన్ అడిగే డిస్కులను పెట్టెలో అడుగున పడేశాను. 2004 నాటి హాఫ్-లైఫ్ 2ను డిస్క్‌పై కొన్నా స్టీమ్ అనే ఆన్‌లైన్ సేవలో నమోదు చేస్తేనే తెరుచుకునేది. అలాంటి డిస్క్‌కు ఎంత నికార్సైన ఇమేజ్ తీసినా అటువైపు సర్వర్ ఉంటేనే విలువ. చాలా గేములను నెట్‌లో కలిపే గేమ్‌స్పై సర్వర్లు 2014 మే 31న ఆగిపోయినప్పుడు ఎన్నో గేముల ఆన్‌లైన్ ఆట ఆ రోజుతో పోయింది. ఇలాంటి గేముల్లో గాగ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో దొరికేవాటిని అక్కడే మళ్లీ కొన్నాను. క్లయింట్‌తో కాకుండా ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ భాగాలన్నీ విడిగా దించుకోవాలి, ఎగ్జీ ఒక్కటే దించుకుని పక్కనున్న బిన్ భాగాలు మర్చిపోతే ఇన్‌స్టాల్ మధ్యలో ఆగుతుంది. నెట్ తీసేసి ఒకసారి ఇన్‌స్టాల్ చేసి, గేమ్ తెరిచి చూశాకే దాని షా-256 హాష్ రాసి డిస్క్ ఇమేజ్‌ల పక్కన చేర్చాను.