ఒకే ఈతలో పుట్టిన అన్నదమ్ములు

తిరుపతిలో వెటర్నరీ చదివి డెన్మార్క్‌లో పందుల జన్యు లెక్కలు చూస్తున్నాను. మా పెద్దమ్మ మాత్రం అందరికీ "కంప్యూటర్ ఉద్యోగం" అనే చెబుతుంది. పోనీలెండి.

ఒకే ఈతలో పుట్టిన రెండు మగ పందిపిల్లలను తీసుకోండి. తల్లీ తండ్రీ ఒకరే కాబట్టి పాత పద్ధతిలో చిన్నప్పుడు రెండింటి జన్యువులు ఎంత మేలైనవన్న అంచనా ఒకటే. నిజానికి వాటికి దక్కిన జన్యువులు వేరు. పైగా మగపంది ఈనదు కదా, దాని సంతానశక్తి తెలియాలంటే కూతుళ్లు పెరిగి ఈనేదాకా ఆగాలి. ఇప్పుడు చెవి నుంచి చిన్న ముక్క తీసి, చిప్ మీద వేల చోట్ల డీఎన్‌ఏ చదివి, ఏ తమ్ముడు మేలో ముందే అంచనా కట్టొచ్చు. 2001లో మ్యూవిసెన్, హేయ్స్, గొడార్డ్ అనే శాస్త్రవేత్తలు చెప్పిన పద్ధతే ఇది.

నాకు టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే. ఇలా ముందే ఏరుకుంటే తరాలు త్వరగా మారతాయి. అందరూ అదే టాప్ మగపంది వీర్యం అడిగితే కొన్నాళ్లకు మందంతా దగ్గరి చుట్టాలే. అందుకే ఆ అంచనా స్కోరుతో పాటు చుట్టరికాన్నీ లెక్కలో పెట్టి, ఒక్కో మగపందిని ఎంతవరకు వాడాలో పరిమితి పెడతాం. మీటింగుల్లో ఈ మాటకే ముఖాలు మాడతాయి. అయినా నేను తగ్గను.

ఏం కొలుస్తున్నామన్నదీ ముఖ్యమే. డెన్మార్క్‌లో 2004లో, పుట్టిన పిల్లల సంఖ్యను కాకుండా అయిదో రోజుకు బతికున్నవాటిని లెక్కలోకి తీసుకోవడం మొదలుపెట్టారు. ఎక్కువ పిల్లలను పెట్టే పందుల్ని ఏరుకుంటూ పోతే పిల్లల చావులూ పెరిగాయి మరి.