లండన్‌లో ఇళ్లు కట్టించిన అమెరికా బ్యాంకరు

లండన్ సిటీలో రాయల్ ఎక్స్ఛేంజి వెనక, కుర్చీలో కూర్చున్న కంచు విగ్రహం జార్జ్ పీబాడీది. బాండ్ల (ప్రభుత్వాలు, కంపెనీలు వడ్డీకి అప్పు తీసుకుని ఇచ్చే పత్రాల) విభాగంలో పనిచేసే మేము రోజూ ఆ పక్కనుంచే ఆఫీసుకు వెళ్తాం. ఆయన 1795లో మసాచుసెట్స్‌లో పేద కుటుంబంలో పుట్టి, చిన్నతనంలోనే బడి మానేసి దుకాణంలో పనికి కుదిరారు. 1837లో లండన్‌లో స్థిరపడి, అమెరికా రాష్ట్రాల బాండ్లను ఇక్కడి మదుపుదారులకు అమ్మేవారు.

1840ల తొలినాళ్లలో మేరీలాండ్‌తో సహా కొన్ని రాష్ట్రాలు వడ్డీ కట్టలేక చేతులెత్తేశాయి. అక్కడివాళ్లు చేసినదానికి, బాండ్లు కొన్నవాళ్లకు ముఖం చూపించాల్సింది మాత్రం లండన్‌లో ఉన్న ఈయనే. పరాయి దేశంలో పనిచేసేవాళ్లకు ఆ ఇబ్బంది ఎలాంటిదో వేరే చెప్పనక్కర్లేదు. చెల్లింపులు మళ్లీ మొదలుపెట్టమని ఆయన మేరీలాండ్‌ను పట్టుబట్టారు. తనకు రావలసిన కమిషన్‌ను కూడా వదులుకున్నారు. బ్యాంకరుగా ఆయన గొప్పతనం నాకు ఇక్కడే కనిపిస్తుంది. 1854లో ఆయన భాగస్వామిగా చేర్చుకున్న జూనియస్ మోర్గాన్ పేరుమీదికి 1864లో ఆయన బ్యాంకింగ్ సంస్థ మారింది. నేటి జేపీ మోర్గాన్‌కు మూలం అదే.

1862లో లండన్ పేదల కోసం ఆయన 1,50,000 పౌండ్లు ఇచ్చారు. తర్వాతి విరాళాలతో అది 5,00,000 పౌండ్లకు చేరింది. ఆ నిధికి ఆయన పెట్టిన షరతులు నేను చాలాసార్లు చదువుకున్నాను: సాయం పొందేవారు లండన్‌లో పుట్టినవారైనా కావచ్చు, వచ్చి స్థిరపడినవారైనా కావచ్చు, మతాన్నిబట్టి, రాజకీయాన్నిబట్టి ఎవరినీ పక్కన పెట్టకూడదు. వలస వచ్చినవాడు రాసిన షరతులు కనుకనే అలా ఉన్నాయని నా నమ్మకం. ఆ నిధితో పేదలకు అద్దె ఇళ్లు కట్టించారు; 1864లో తూర్పు లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్‌లో మొదటి భవనం తెరిచారు.

అయితే ఆ ఇళ్లలో ఉండాలంటే మశూచి టీకా వేయించుకోవాలి, వారం వారం అద్దె తప్పకుండా కట్టాలి అన్న నియమాలవల్ల, నిలకడైన కూలి దొరకని నిరుపేదలు బయటే ఉండిపోయారు. ఇది లోటేనని ఒప్పుకోవాలి.

విరాళం స్వదేశానికివ్వాలా, బతుకుతున్న ఊరికివ్వాలా అని మా ప్రవాసుల మధ్య వాదన తెగదు. పీబాడీ రెండు చోట్లా ఇచ్చారు: అమెరికా అంతర్యుద్ధంలో చితికిపోయిన దక్షిణాది రాష్ట్రాల చదువుల కోసం 1867లో మరో పెద్ద నిధి పెట్టారు. బ్రిటిష్ బిరుదును కాదని అమెరికా పౌరుడిగానే 1869లో లండన్‌లో కన్నుమూశారు. ఆయన లండన్ నిధితో మొదలైన ఇళ్ల సంస్థ ఈనాడు లక్షకు పైగా ఇళ్లను నిర్వహిస్తోంది.