కాలవలకి నీళ్లు కట్టేశాకే సెప్టిక్ ట్యాంకు తోడించండి

మా భీమవరం వైపు వానాకాలంలో బాత్రూం నీళ్లు పోకపోతే అందరూ చేసే పని ఒకటే, సెప్టిక్ ట్యాంకు నిండిందని బండికి ఫోన్ కొట్టడం. బండి వస్తుంది, తోడుతుంది, డబ్బులు పుచ్చుకుని వెళ్తుంది. వారం తిరక్కుండా మళ్లీ అదే కథ. బండివాడు మోసం చేశాడని తిట్టుకుంటాం. పాపం, అతని తప్పేం లేదు.

ట్యాంకులో మడ్డి అడుక్కి దిగి, తెట్టు పైకి తేలి, మధ్య నీరు ఇంకుడు గుంతలోకి పోవాలి. చుట్టూ చేలు, కాలవలు నిండుగా ఉన్నప్పుడు మా నల్లనేలలో ఇక ఇంకే చోటెక్కడ? బయటి ఊటే గుంతలోకి వచ్చి చేరుతుంది. అప్పుడు ట్యాంకు తోడించడమంటే భూమిలో నీళ్లు తోడించడమే. పైగా ఖాళీ ట్యాంకుని ఊట పైకి నెట్టి గోడలు బీటలిచ్చే ప్రమాదం ఒకటి. అందుకే వేసవిలో కాలవలకి నీళ్లు కట్టేసి, చేలు ఎండాకే నేను బండిని పిలుస్తాను.

రెండు మూడేళ్లకోసారి తీయించమంటారు గానీ, ఇద్దరుండే ఇల్లూ పదిమందుండే ఇల్లూ ఒకటి కాదుగా. పొడుగాటి వెదురు గెడకి తెల్ల తువ్వాలు చుట్టి ట్యాంకు మొదటి గదిలో అడుగు తగిలేదాకా నిటారుగా దించండి. కాసేపుంచి మెల్లగా తీస్తే, మడ్డి ఉన్నంత మేరా తువ్వాలుకి నల్లగా, చిక్కగా పట్టేసి ఉంటుంది. ఆ పైన పల్చటి నీటి మరక. నల్లది లోతులో మూడో వంతుకి వచ్చిందంటే నేనిక ఆగను.

పోయిన వేసవిలో వచ్చిన కుర్రాడు పావుగంటలో పైపు చుట్టేస్తూ "అయిపోయిందండి మేస్టారూ, ఖాళీయేనండి" అన్నాడు. గెడ దించితే మడ్డి మూరెడు అలాగే ఉంది. "నీళ్లు లాగావు నాన్నా, సరుకు ఉండిపోయింది" అన్నాను. నవ్వేసి, లాగిన నీళ్లే కొంత తిరిగి వదిలి, గెడతో కలియబెట్టి మళ్లీ లాగాడు. మొత్తం గీకేయనివ్వలేదు. కొంచెం మడ్డి మిగిలితే అందులో సూక్ష్మజీవులు మళ్లీ పని మొదలెడతాయి.

మూలనున్న ఇటుక ముక్కలు తీస్తానని అతని వెంట వచ్చిన పిల్లాడు లుంగీ ఎగ్గట్టి దిగబోయాడు. గట్టిగా కేకేశాను. కుళ్లిన గుడ్ల వాసనేసే ఆ గ్యాసు ఎక్కువైతే ముక్కుకి వాసనే తెలియదు, మనిషి అక్కడికక్కడే కూలిపోతాడు. రక్షణ సామగ్రి లేకుండా దింపడం, మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం కూడా. ఇలా చనిపోయినవాళ్ల కుటుంబాలకి 30 లక్షలివ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. నా ఇటుక ముక్కలకి అంత విలువ లేదు, అక్కడే ఉన్నాయి.

తీసింది ఎక్కడ పోస్తావంటే మాత్రం ఎవరూ సూటిగా చెప్పరు. నరసాపురంలో దీన్ని శుద్ధి చేసే ప్లాంటు కట్టారు గానీ, చాలా బండ్లు చీకటి పడ్డాక ఏదో డ్రెయిన్ పక్కన ఆగుతాయి. ఆ నీళ్లు మన చేపల చెరువుల్లోకే వస్తాయి మరి.

ఇప్పుడు మావాడు పెరడంతా టైల్స్ వేయిస్తానంటున్నాడు. ట్యాంకు మూత మీద వేయొద్దన్నాను. చూడ్డానికి బాగోదంటాడు. దాని మీద క్రోటన్ కుండీ పెట్టుకో, అవసరమైతే జరపొచ్చు అని చెప్పాను. ఇంకా తేలలేదు.