తొమ్మిదింటిలో ఎనిమిదోది

తెలుగు సండే స్కూల్లో పెరిగినవాళ్లని అర్ధరాత్రి లేపి అడిగినా బైబిల్లో గలతీ పత్రిక ఐదో అధ్యాయం 22, 23 వచనాలు తడుముకోకుండా చెప్పేస్తారు. ప్రేమ, సంతోషము, సమాధానము, దీర్ఘశాంతము, దయాళుత్వము, మంచితనము, విశ్వాసము, సాత్వికము, ఆశానిగ్రహము. దేవుని ఆత్మ మనిషిలో పండించే ఫలం అంటూ అపొస్తలుడైన పౌలు రాసిన తొమ్మిది గుణాలివి. మా అమ్మాయి పుట్టింది బర్మింగ్‌హామ్‌లో అయినా ఇవన్నీ ఒక్క గుక్కలో అప్పజెబుతుంది. దయాళుత్వము దగ్గర మాత్రం నాలుక కాస్త మెలిక పడుతుంది. మొన్న కంఠత వాక్యాల పోటీలో ఫస్ట్ ప్రైజు కూడా కొట్టింది. ఆ ప్రైజు ఒళ్లో పెట్టుకునే కారెక్కి, ఛార్జర్ నాదంటే నాదని వాళ్ల అన్నయ్యతో తగువుకి దిగింది. దీర్ఘశాంతం, ఆశానిగ్రహం రెండూ ఇంటికి చేరేదాకా కూడా ఆగలేదు.

అన్నాచెల్లెళ్ల తగువులు నాకు పెద్ద బెంగ కాదు. ఈ తొమ్మిదింటిలో చాలావరకు ఈ దేశంలో పెరిగినా వస్తాయి. కొన్నిటిని ఇక్కడివాళ్లే మనకంటే బాగా నేర్పుతారు కూడా. శరదృతువులో హార్వెస్ట్ అని స్కూల్లో పిల్లల చేత తినుబండారాలు తెప్పించి ఫుడ్ బ్యాంకుకి పంపుతారు. మన ఊళ్లో కోత పండుగకి మొదటి పంట గుడికి, అదే చర్చికి, తెచ్చినట్టే. షాపులో నా చెయ్యి చవక రకం కార్న్‌ఫ్లేక్స్ మీదికి పోతుంటే మా అమ్మాయి ఆపి, ఇంట్లో తను తినే రకమే తీసి బుట్టలో వేసింది. "వాళ్ల ఇంట్లో పిల్లలకి కూడా ఇదే ఇష్టం ఉంటది కదమ్మా" అంది. దయాళుత్వం పలకడం రాకపోయినా నాకు ఫర్వాలేదు.

నాకు చిక్కల్లా ఎనిమిదోదానితో. సాత్వికం.

ఇక్కడ పేరెంట్స్ ఈవెనింగ్‌కి వెళ్తే మా అబ్బాయి గురించి ప్రతిసారీ ఒకే మాట. మంచి పిల్లాడు, తెలివైనవాడు, కానీ క్లాసులో నోరు విప్పాలి, తన తరఫున తను నిలబడాలి. ఒంగోలు నుంచి మా అమ్మ ఫోన్లో చెప్పేది సరిగ్గా దీనికి ఎదురు. "ఎవరేమన్నా పోనీలే నాన్నా. మనం విశ్వాసులం, ఓర్చుకోవాలి. ప్రార్థన చేసుకో." వాడు బస్సులో ఎవరో తన రంగు గురించి అన్న మాట చెప్పినప్పుడు కూడా అమ్మ సలహా ఇదే. టీచరుదీ అమ్మదీ ఇద్దరిదీ ప్రేమే. మధ్యలో నలిగేది పిల్లాడు.

అమ్మ మాట వెనక ఉన్న ఓర్పుకి నేను దండం పెడతాను. కానీ అందులో సువార్త ఎంత, ఊరి భయం ఎంత అన్నది నేను విడదీసి చూసుకోక తప్పలేదు. మా తాత చిన్నప్పుడు ఊరవతలి మా పల్లె నుంచి ఊళ్లోకి వెళ్తే చెప్పులు చేతపట్టుకుని నడవాలి. పెద్దింటి ముందు తల ఎత్తకూడదు. తల వంచకపోతే ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. ఆ వంచిన తలకి తర్వాత గుళ్లో సాత్వికం అని పేరు వచ్చింది. బతకడం కోసం వంగడం తప్పని నేననను. పౌలు రాసిన జాబితాలో ఉన్నది మాత్రం అది కాదని నా గట్టి అభిప్రాయం. ఎవరో మెడ మీద చెయ్యి వేసి వంచితే వచ్చేది ఆత్మఫలం ఎలా అవుతుంది?

నేను సాత్వికుడను అని తన గురించి తను చెప్పుకున్న యేసు ఏం చేశాడో చూడండి. ప్రధాన యాజకుడి ముందు నిలబెట్టినప్పుడు ఒక బంట్రోతు చెంప మీద కొడతాడు. ఆయన తిరిగి కొట్టడు. అలాగని ఊరుకోడు. నేను తప్పు మాట్లాడితే ఆ తప్పేదో చెప్పు, మంచి మాటే అయితే నన్నెందుకు కొడుతున్నావు అని అడుగుతాడు. యోహాను సువార్త 18వ అధ్యాయంలో ఉంది. మా ఊళ్లో రెండో చెంప చూపించడం మీద విన్నన్ని ప్రసంగాలు ఈ ప్రశ్న మీద నేను వినలేదు. పౌలు సంగతీ అంతే. ఫిలిప్పీలో విచారణ లేకుండా అందరి ముందూ కొట్టి చెరసాలలో వేస్తారు. మర్నాడు గుట్టుచప్పుడు కాకుండా వెళ్లిపొమ్మంటే ఆయన కదలడు. మేము రోమా పౌరులం, మీ న్యాయాధిపతులే స్వయంగా వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్లాలి అంటాడు. ముందు రాత్రి అక్కడే ఆత్మహత్య చేసుకోబోయిన చెరసాల నాయకుణ్ణి ఆపి, వాడి ఇంట్లో భోజనం చేసినవాడూ ఆయనే. హక్కు అడగడం, పగ పట్టకపోవడం రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి.

మావాడికి ఇవన్నీ ప్రసంగంలా చెబితే వినడు, వినే వయసూ కాదు. వాడికి పట్టింది నా డ్యూటీలో జరిగిన ఒక సంగతి. నేను నర్సుని. ఒక రాత్రి మందులిస్తూ తిరుగుతుంటే ఒక పెద్దాయన నన్ను చూసి, నీ చేతులతో నన్ను ముట్టుకోవద్దు అన్నాడు, ఇంకో రెండు మాటలు కూడా కలిపి. మందులు వేరే నర్సు ఇచ్చింది. నేను ఇన్‌చార్జికి చెప్పి, అన్న మాట అన్నట్టే ఫారంలో రాశాను. తెల్లవారుజామున ఆయన బెల్ మోగింది. పక్కంతా తడిసిపోయింది. మిగతావాళ్లు ఇంకో బెడ్ దగ్గర ఎమర్జెన్సీలో ఉన్నారు. వెళ్లాను. ముట్టుకోవచ్చా అని అడిగితే తల ఊపాడు. గోరువెచ్చటి నీళ్లతో ఒళ్లు తుడిచి, దుప్పటి మార్చి, దిండు సరిచేసి వచ్చాను. థాంక్స్ చెప్పలేదు, నేనూ ఆశించలేదు. ఇంటికొచ్చి టీ తాగుతూ ఇది చెబితే మావాడు, "అంతలా తిట్టినోడికి అదంతా ఎందుకు చేశావమ్మా?" అన్నాడు. అది నా డ్యూటీ అన్నాను. "మరి ఫారం ఎందుకు రాశావ్?" అదీ నా డ్యూటీయే అన్నాను. వాడు ఆ రెండో జవాబు దగ్గర చాలాసేపు ఆగాడు.

బస్సులో మాట గురించి తర్వాత వాడే స్కూల్లో రిపోర్టు చేశాడు. తీసుకోవలసిన చర్య వాళ్లు తీసుకున్నారు, అది అక్కడితో అయిపోయింది.

అసలు పరీక్ష ఇంటర్నెట్‌లో వచ్చింది. తెలుగు వీడియో ఒకటి చూస్తూ కింద కామెంట్లు చదివాడు. తెలుగు చదవడం నేర్పించానని ఎంత మురిసిపోయానో, ఆ చదువు వాణ్ణి తీసుకెళ్లి అక్కడ పడేసింది. "అమ్మా, బియ్యం బస్తా బ్యాచ్ అంటే మనమేనా? తాతలు అన్నం కోసం మతం మారారా?" మొహం ఎర్రబడిపోయింది. అప్పటికే ఇంగ్లీషులో పెద్ద జవాబు టైపు చేసి పెట్టుకున్నాడు. అందులో ఉన్న మాటలు ఇక్కడ రాయలేను.

పంపే ముందు కూర్చోబెట్టి మా ప్రాంతం కథ చెప్పాను. 1876 నుంచి 1878 దాకా కరువు. అప్పుడు ఒంగోలులో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉండేవాడు. బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న జనానికి పని ఇచ్చాడు. కూలీ ఇచ్చి పని చేయించుకున్నారు, అది బిచ్చం కాదు. ఆ కాలంలోనే బాప్తిస్మం ఇమ్మని వేలమంది అడిగితే ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని. సాయం ముగిశాక కూడా జనం ఆగలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. అంతకు పదేళ్ల ముందు నుంచే వాళ్ల మధ్య తిరిగి సువార్త చెప్పినవాడు తోళ్ల వ్యాపారం చేసే యెర్రగుంట్ల పేరయ్య. క్రైస్తవుడు కాకముందే యోగమార్గంలో ధ్యానం చేసుకుంటూ దేవుణ్ణి వెతికిన మనిషి. అన్నం పెట్టినా వెతకడం మానని మనుషులు వీళ్లు. అయినా ఆకలేసినవాడు అన్నం పెట్టిన చేతిని నమ్మితే అందులో అంత సిగ్గుపడాల్సింది ఏముందో నాకు అర్థం కాదు. మనల్ని గుమ్మంలోకి రానివ్వనివాళ్లని నమ్మాలా?

కథ విన్నాక వాడికి కోపం తగ్గలేదు, ఇంకా పెరిగింది. "ఇదంతా వాడికి చెప్పాలి" అన్నాడు. చెప్పు అన్నాను. కాకపోతే పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయం 15వ వచనం ముందు చదివించాను. మీ నిరీక్షణకి కారణం ఏమిటని అడిగే ప్రతివాడికీ జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండాలి, సాత్వికముతోను భయముతోను చెప్పాలి అంటాడు పేతురు. ఈ మాట రాసింది ఒకప్పుడు కత్తి దూసి మనిషి చెవి నరికినవాడు. ఆ సంగతి గుర్తు చేస్తే మావాడికి మొదటిసారి నవ్వొచ్చింది.

మా ఆయనకి నా పద్ధతి పూర్తిగా నచ్చలేదు. అలాంటి చోట జవాబు చెప్పడమే దండగ, ఫోన్ పక్కన పెట్టించు చాలు అంటారు. ఆయన మాటలోనూ నిజం ఉంది. కానీ పిల్లాడికి తన తాతల గురించి తెలియకుండా వచ్చే ప్రశాంతత నాకు వద్దు. తెలిసీ, చెప్పగలిగీ, అవతలివాణ్ణి తిట్టకుండా ఉండగలిగితే అప్పుడు ఎనిమిదోది వాడిలో మొలకెత్తినట్టు.

మన సంఘాల్లో ఇలాంటివి ఎవరూ అడగరు, అదొక్కటే నా ఫిర్యాదు. హాలు అద్దెకి తీసుకుని ఆదివారం మధ్యాహ్నం కూడుకునే మా ఫెలోషిప్‌లో పిల్లల భక్తి అంటే ఎన్ని వాక్యాలు వచ్చు, మైకు ముందు ఎంతసేపు ప్రార్థన చేశాడు, ఆడపిల్ల చెవులకి ఏం పెట్టుకుంది, ఇంతే. మావాడు అందరి ముందూ పైకి ప్రార్థన చేయనంటాడు. ఒకరిద్దరు ఆంటీలు నాతో ఆ మాట ఎత్తారు. గదిలోకి వెళ్లి తలుపు వేసుకో అన్నాడు కదా ప్రభువు, వాడు వేసుకుంటున్నాడు అని చెప్పాను. లోపల ప్రార్థనే చేస్తున్నాడా ఆట ఆడుకుంటున్నాడా అంటే అది నేను తలుపు తీసి చూసే సంగతి కాదు. నీవు అంతరంగములో సత్యము కోరుచున్నావు అని 51వ కీర్తన. రాని ప్రార్థన వచ్చినట్టు నటించడం కంటే రావట్లేదని చెప్పే పిల్లాడే నాకు నయం.

ఆ కామెంటుకి వాడు చివరికి నాలుగు లైన్ల జవాబు రాశాడు. కరువు సంవత్సరాలు, గుండ్లకమ్మ, 2,222, అంతే. తిట్లు లేవు. "బ్రో" అని మొదలుపెట్టాడు, అది సాత్వికమో వెటకారమో నేను అడగలేదు. అవతలి నుంచి ఒక నవ్వే బొమ్మ వచ్చింది. వాడు కాసేపు దాన్నే చూసి, నోటిఫికేషన్లు ఆపేసుకున్నాడు.

ఇప్పుడు వెల్లంపల్లి చూడాలంటున్నాడు. వేసవి సెలవులకి ఒంగోలు వెళ్తున్నాం, అమ్మకి చెప్పాను. "అక్కడ చూడ్డానికి ఏముందే, ఏరు తప్ప" అంది. తర్వాత వాడితో మాట్లాడి, ఆటో మాట్లాడి పెడతానని తనే ఒప్పుకుంది. తను కూడా వస్తుందట, తనూ ఎప్పుడూ చూడలేదట.