నల్లమలలో జంతువులను చూడాలంటే నీళ్ల దగ్గర ఆగండి

పెద్దపులి కోసమే నల్లమలలో సఫారీ మొదలయ్యే మన్ననూరు వచ్చి, సఫారీలో అది కనబడలేదని ముఖం వేలాడేసుకుని తిరిగి వెళ్లేవాళ్లు చాలామంది. నల్లమలలోని ఈ అమ్రాబాద్ పులుల అభయారణ్యం, చుట్టూ ఉన్న బఫర్ అడవితో కలిపి దాదాపు 2,611 చదరపు కిలోమీటర్లు. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో పరుచుకున్న అంత అడవిలో ఉన్న కాసిని పులుల్లో ఒకటి మన బండి ముందుకే రావాలనుకుంటే ఎలా? పులి వెంట తిరగడం మానేసి నీళ్ల దగ్గర ఆగితే మాత్రం ఈ అడవి చాలా చూపిస్తుంది. అలా ఆగడం ఒంటరిగా వెళ్లినవాళ్లకే బాగా కుదురుతుంది, పక్కన ముచ్చట పెట్టేవాళ్లు ఉండరు కాబట్టి.

ఇది ఆకురాల్చే అడవి. నల్లమద్ది, చిరుమాను, తునికి, ఇప్ప, వెదురు ఎక్కువ. అక్టోబర్ నుంచి జనవరి దాకా పచ్చదనం కళ్లకు ఇంపుగానే ఉంటుంది కానీ, నడుమెత్తు గడ్డిలో ఇరవై అడుగుల దూరంలో కణుజు (సాంబార్ జింక) నిలబడినా తెలియదు. ఫిబ్రవరి నుంచి ఆకు రాలుతుంది, వాగులు ఎండుతాయి. ఇక చెలమల్లో, కుంటల్లో, అటవీశాఖవాళ్లు నింపే సాసర్ పిట్‌లలోనే (లోతు తక్కువ తొట్లు) నీళ్లు మిగులుతాయి. మార్చి నుంచి మే మధ్య దాకా ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, అయినా వెళ్లాల్సిన కాలం అదే. వానాకాలంలో, జూలై నుంచి సెప్టెంబర్ దాకా, సఫారీ ఉండదు.

హైదరాబాద్ నుంచి మన్ననూరు దాదాపు 140 కిలోమీటర్లు. శ్రీశైలం బస్సులన్నీ ఆ దారినే పోతాయి. పెట్రోలు, నగదు, మందులు అచ్చంపేటలోనే చూసుకోండి, ఆ తర్వాత పెద్ద ఊరు లేదు. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసి ఉంటుంది. శ్రీశైలం వైపు నుంచి వచ్చేవాళ్లు ఈ లెక్క మరిస్తే రాత్రంతా శ్రీశైలం దగ్గరి దోమలపెంటలోనో ఇంకెక్కడో గడపాల్సి వస్తుంది. పొద్దున్నే మొదటి సఫారీ దొరకాలంటే ముందు రాత్రి మన్ననూరులోనే ఉండాలి. బండికి కట్టే డబ్బు మనుషుల లెక్కన కాదు, బండి లెక్కన. ఒక్కరే అయితే మొత్తం మీరే భరించాలి. శని, ఆదివారాల్లో పంచుకునేవాళ్లు దొరుకుతారు, వాళ్లతో పాటు గోల కూడా. ఖర్చయినా సరే, వారం మధ్యలో ఒక్కరే వెళ్లడం నయమని నా అభిప్రాయం. లోపల సిగ్నల్ తెగిపోతుంటుంది కాబట్టి ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి ముందే చెప్పి కదలండి.

సఫారీ బండి వెళ్లే ఫర్హాబాద్ దారిలో నీటిగుంట కనబడితే బండి కొంచెం దూరంగా, గాలి గుంట వైపు నుంచి మన వైపు వీచేలా ఆపించి ఇంజన్ కట్టేయమనండి. కనీసం ముప్పావు గంట అక్కడే ఉండాలి. జనం పది నిమిషాలకే పోదాం పదమంటారు, జంతువులేమో బండి చప్పుడు ఆగాక పావుగంటకు గానీ కదలవు. ముందు నెమలి, కొండెంగలు, తర్వాత దుప్పుల మంద, ఎండ దిగాక మనుబోతు (నీల్‌గాయ్), కణుజు. డ్రైవర్, గైడ్ ఈ అడవి గిరిజనులైన చెంచు కుర్రాళ్లయితే వాళ్లు వేలు చూపించిన దిక్కుకే చూడండి, ప్రశ్నలు తర్వాత అడగొచ్చు.

చెవులు పెట్టాల్సింది అరుపుల మీద. కొండెంగలు చెట్టు మీద నుంచి ఆకులు, కాయలు రాలుస్తుంటే కింద దుప్పులు మేస్తాయి. ఈ రెండూ ఒకదానికొకటి కాపలా. దుప్పి ఒకసారి అరిచి ఊరుకుంటే పెద్దగా లెక్క చేయనక్కర్లేదు, ఊరకుక్కను చూసినా అరుస్తుంది. తోక నిక్కబొడిచి, ముందుకాలు నేలకు కొడుతూ, అన్నీ ఒకే వైపు చూస్తూ మళ్లీ మళ్లీ అరుస్తున్నాయంటే అటు చిరుతో, పులో, రేచుకుక్కలో ఉన్నట్టే. కణుజు అరుపు ఇంకా నమ్మదగ్గది. గట్టిగా మోగుతుంది, ఊరికే అరవదు. అరుపు చోటు మారుతూ పోతుంటే జంతువు నడుస్తోందని అర్థం, అది వెళ్లే దారికి ముందుగా వెళ్లి ఆగండి.

బాట మీది దుమ్ములో అడుగులు చూడటం మరిచిపోవద్దు. పిల్లి జాతి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది కాబట్టి అడుగులో గోరు గుర్తు పడదు. కుక్కకు, దుమ్ములగొండికి (హైనా) పడుతుంది. అడుగు వెడల్పు 12 నుంచి 15 సెంటీమీటర్లుంటే పులి. ఏడెనిమిదే అయితే చిరుత. అంచులు పదునుగా నిలబడి, లోపల ఆకు పడకుండా, చీమ బారు దాటకుండా ఉంటే తాజాది. వెనక పాదం మనిషి పాదంలా ఉండి, ముందు పాదం వేళ్లకు దూరంగా గోళ్ల గీతలుంటే గుడ్డెలుగు. చెదపుట్టలు తవ్వి ఉన్నా దాని పనే. ఇప్పపూలు రాలే మార్చి, ఏప్రిల్‌లలో అది చెట్ల కిందే తిరుగుతుంటుంది. దాని చూపు మందం, మనిషి హఠాత్తుగా ఎదురైతే బెదిరి మీద పడుతుంది. ఒంటరిగా బండి దిగి నడవొద్దనడానికి నిబంధన కన్నా ముందు ఇదే కారణం. నడవాలనిపిస్తే అటవీశాఖ ట్రెక్‌లో, చెంచు గైడ్‌తోనే.

బైనాక్యులర్ 8×42 (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు) చాలు. 10 రెట్లది జీపులో వణుకుతుంది, చెట్ల నీడలో మసకగా కూడా ఉంటుంది. కెమెరాకు 300 మిల్లీమీటర్లకు తగ్గని లెన్స్, లెన్స్ కింద పెట్టుకోవడానికి గుడ్డసంచిలో కిలో బియ్యం. తెల్లవారుజామున వెలుగు తక్కువ, కెమెరా వెలుగు పట్టే శక్తిని చెప్పే ఐఎస్ఓను 3200 దాకా పెంచడానికి వెనకాడొద్దు. ఫొటో గరుకుగా వచ్చినా ఫరవాలేదు, కదిలిందే పనికిరాదు. తెల్ల చొక్కా, అత్తరు వద్దు. నీళ్లు మనిషికి మూడు లీటర్లు, స్టీలు సీసాలో. ప్లాస్టిక్ సీసాలు అభయారణ్యంలోకి తేకూడదు. బీడీ, సిగరెట్ అసలే వద్దు, ఎండుగడ్డి అంటుకుంటే కొండలే కాలిపోతాయి.

హైవే మీద కోతులకు అరటిపళ్లు విసరకండి. తిండి కోసం రోడ్డెక్కి బండ్ల కింద పడుతున్నాయి.

తిరిగొచ్చాక బట్టలు వేడినీళ్లలో వేసి, చంకలు, మోకాలి వెనక, బెల్టు చుట్టూ పిడుదులున్నాయేమో చూసుకోండి. ఉంటే ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగాలి, కిరోసిన్ పూయొద్దు. రెండు మూడు వారాల్లోపు జ్వరం వచ్చినా, ఒంటి మీద నల్లటి పొక్కు కనబడినా అడవికి వెళ్లొచ్చామని డాక్టర్‌కు ముందే చెప్పండి. అది స్క్రబ్ టైఫస్ (పిడుదులు కాదు, చిగ్గర్ అనే సన్నటి పురుగు కుడితే వచ్చే జ్వరం) అయితే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌తో తగ్గుతుంది, కానీ అడవి సంగతి చెప్పకపోతే మామూలు జ్వరమనుకుని వేరే మందులిచ్చే వీలుంది.