పెంటా గడ్డని రిజిస్టరులోకి ఎక్కించేసరికి

బఠాణీ గింజంత గడ్డ. దాన్ని ఏఈఎఫ్‌ఐ (టీకా తర్వాత వచ్చే ఇబ్బందుల) రిజిస్టరులో రాయించడానికి 20 రోజులు పట్టింది. ఆ మంట చల్లారకముందే రాసేస్తున్నాను, తోటి ఏఎన్‌ఎంలకి పనికొస్తుంది.

కోనసీమలో లంక ఊరు మాది. ఆరు వారాల పాప, మొదటి పెంటా (అయిదు జబ్బులకి ఒకే టీకా), ఎడమ తొడకి అర మిల్లీలీటరు. రాత్రి జ్వరం వచ్చింది, పారాసెటమాల్‌తో తగ్గింది. (కిలోకి 15 మిల్లీగ్రాముల లెక్క. చుక్కల మందు సిరప్ కన్నా చాలా చిక్కన. సిరప్ కొలతలో చుక్కలు పోసే ఇళ్లున్నాయి, సీసా చూసి మరీ చెప్పండి.) అయిదో రోజు అమ్మమ్మ ఫోను: "నర్సమ్మగారండీ, సూది చోట గడ్డ కట్టింది, ఆర్‌ఎంపీ గారు కోసేద్దామంటున్నారండి."

పంటు దాటి వెళ్లి నొక్కి చూశాను. గట్టిగా ఉంది, వేళ్ల కింద జరుగుతోంది, ఎరుపు లేదు, వేడి లేదు, పాప ఏడవలేదు. చీము కాదది. పెంటాలో అల్యూమినియం లవణం ఉంటుంది, పీసీవీలో (న్యుమోనియా టీకా), టీడీలో (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా) కూడా. 1926లో ఇంగ్లండు శాస్త్రవేత్త గ్లెన్నీ డిఫ్తీరియా టీకా మందైన టాక్సాయిడ్‌కి పటిక జోడించినప్పటి నుంచీ ఉన్న పద్ధతే. ఆ రేణువులు చప్పున కరగవు, చుట్టూ తెల్లకణాలు పోగవుతాయి, ఆ పోగే గడ్డ. వారాల్లో, ఒక్కోసారి నెలల్లో అణుగుతుంది. కోస్తే లేని చీముని మనమే తెచ్చిపెట్టినట్టు. ఎర్రబడి, కాలుతూ, మెత్తబడితే మాత్రం ఆగకుండా పీహెచ్‌సీకి తీసుకెళ్లాలి. కాపడం, సున్నం పట్టు, నలపడం వద్దు. చల్లటి తడిగుడ్డ చాలు.

తల్లికి వేరే భయం, అల్యూమినియం బుర్రకెక్కుతుందని. డెన్మార్క్‌లో 12 లక్షల మంది పిల్లల్లో 50 రకాల జబ్బులు వెతికితే ముప్పు పెరిగినట్టు తేలలేదని 2025లో ఒక పరిశోధన వచ్చింది. నిజంగా ఉండే బాధ దురద గడ్డ. స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ వైపు సుమారు 76,000 మంది పిల్లల్లో 645 మందికి అది చాలాకాలం ఉంది.

ఇక మీటింగు. అందరి ముందు నిలబెట్టారు. "ఇంత దానికి రిజిస్టరా? సూది పైపైన పొడిచి ఉంటావు," అన్నారొకరు. కుర్చీలోంచి లేవకుండానే.

ఒళ్లు మండింది గానీ వెతకాల్సింది అదే. సూది 25 మిల్లీమీటర్లు, నిట్టనిలువుగా దిగాలి, చర్మం మాత్రమే పట్టి లాగితే మందు కొవ్వులో ఆగుతుంది. సీసా ఊపకపోతే లవణం అడుగున దిగి ఆఖరి డోసులు చిక్కబడతాయి. పాపది తొమ్మిదోది. మిగతా ఎనిమిది ఇళ్లూ తిరిగాను, ఎవరికీ గడ్డ లేదు.

మందు చలికి గడ్డకట్టి పాడైందేమో అన్నారు మళ్లీ. సీసా మీద రంగు మారే గుర్తు, వీవీఎం, వేడినే చూపిస్తుంది, చలిని కాదు. షేక్ టెస్టు నేనే అడిగి చేయించాను. అదే బ్యాచ్ సీసా ఒకటి రాత్రంతా డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, కరిగించి, ఆ రోజు నా క్యారియర్‌లో వెళ్లి తెరవకుండా తిరిగొచ్చిన సీసాతో కలిపి 15 సెకన్లు ఊపి, బల్ల మీద పక్కపక్కన నిలబెట్టాం. అరగంటలో ఫ్రీజర్‌ది అడుగున గడ్డలుగా దిగి పైన తేట తేలింది. నాది పాలనీళ్లలా తెల్లగానే ఉంది, అంటే గడ్డకట్టలేదు.

ఇక మిగిలినవి రెండే: పాప ఒంటి తీరు, లేదా ఆరోజు కాలు తన్నినప్పుడు నా సూది పూర్తిగా దిగకపోవడం. రెండోది కాదని ఒట్టేయలేను. రిజిస్టరులో బ్యాచ్ నంబరు, సీసా తెరిచిన టైముతో సహా రాయించాను. తెరిచిన తేదీ, టైము లేబుల్ మీద రాసుకోని వాళ్లకి ఆ గడి దగ్గరే చిక్కు.

మొన్న బుధవారం రెండో డోసు. అదే తొడకి, గడ్డకి అంగుళం ఎడంగా వేశాను. కాలు మాత్రం అమ్మమ్మ చేత గట్టిగా పట్టించాను. పాతది మినపగుండంత అయింది.